చుక్క నీళ్లు పోయనివ్వని మేడం

మేడం చనిపోయారని నాకు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఓపీ మధ్యలో ఉన్నాను. ఎదురుగా ఒక పెద్దాయన చొక్కా చేయి పైకి మడిచి, బీపీ పట్టీ కోసం చెయ్యి చాచి కూర్చున్నాడు. ఫోను పక్కన పెట్టి బీపీ చూశాను, మాత్ర మార్చాను, నెలకు మళ్లీ రమ్మన్నాను. ఆయన పోయాక ఫోను తీస్తే అప్పటికే గ్రూపు నిండా దండాల బొమ్మలు. ఒకడు 'ఎప్పుడూ చిరునవ్వుతో పలకరించే మన మేడం' అని రాశాడు. వాడు నాతోపాటే ఆమె దగ్గర పని నేర్చుకున్నవాడు. ఆమె నవ్వగా వాడెప్పుడు చూశాడో నాకు తెలియదు, నేనైతే చూడలేదు. పోయినవాళ్లకు లేని నవ్వు అంటగట్టడం మనకు అలవాటు.

నేను ఆమె దగ్గర శిక్షణలో ఉన్నది సిద్దిపేటలో, ఒక ట్రస్టు నడిపే దవాఖానలో. వృద్ధుల వార్డు, పక్షవాతం వార్డు రెండూ ఒకటే హాలు, మధ్యలో పచ్చగుడ్డ తెర. నాకు గుండె డాక్టరు కావాలని ఉండేది. ర్యాంకు రాక ముసలివాళ్ల వైద్యంలో పడ్డాను. మాది రాయపోల్ దగ్గర పల్లె. ఇంట్లో ఈ సంగతి చెప్పినప్పుడు మా అవ్వ, "పిల్లల డాక్టరన్న కాకపోతివి కొడుకా. ముసలోళ్లు మందేసినా పోతరు, ఎయ్యకున్నా పోతరు. నీకు పేరెట్లొస్తది?" అంది.

మేడం పొట్టి మనిషి. నేత చీర, దాని మీద తెల్లకోటు, కాళ్లకు బడిపిల్లలు ఆటల పీరియడుకు వేసుకునే తెల్ల గుడ్డ బూట్లు. కోటు జేబులో స్టెతస్కోపు కంటే ముందు చేతికి తగిలేది నెయిల్ కట్టర్. ఆమె రౌండ్స్ కాళ్ల దగ్గర్నుంచి మొదలయ్యేవి. దుప్పటి తీసి పాదాలు చూసేవారు. గోళ్లు పెరిగి వంకర తిరిగి ఉంటే అక్కడే స్టూలు లాక్కుని కూర్చుని కత్తిరించేవారు. కత్తిరిస్తూ మాట్లాడించేవారు. మేం ఫైళ్లు పట్టుకుని వెనకాల పెళ్లి ఫొటోకు నిలబడ్డట్టు నిలబడేవాళ్లం.

మొదటి వారం నాకు ఒళ్లు మండింది. ఇంత చదువు చదివింది గోళ్లు రాలడం చూడటానికా అనిపించి, "నర్సుకు చెప్తే చేస్తది కద మేడం" అన్నాను. ఆమె తల ఎత్తలేదు.

"గోరు చూస్తె ఇంట్ల ఈమె దిక్కు ఎవలు వంగి చూస్తున్రో తెలుస్తది. నర్సు చూస్తె నర్సుకు తెలుస్తది. నీకెట్ల తెలుస్తది?"

నిలబడి రోగితో మాట్లాడితే ఆమెకు అసలు నచ్చేది కాదు. "ఏందయ్యా, మంచం జప్తు చేయనీకి వచ్చినట్టు గట్ల నిలవడ్డవ్? కూసో" అనేవారు. స్టూలు లేకపోతే మంచం అంచు మీదే కూర్చోవాలి. ఇప్పటికీ నేను రోగిని కూర్చునే చూస్తాను. నడుము నొప్పి కూడా అందుకే వచ్చిందేమో చెప్పలేను.

జ్ఞాపకశక్తి పరీక్ష అని ఒకటుంటుంది. ఇది ఏ సంవత్సరం, ఏ నెల, ఏ జిల్లా అని వరసగా అడిగి మార్కులు వేయాలి. ఒక తాతను జిల్లా అడిగితే "మెదకు" అన్నాడు. సున్నా వేశాను. పక్కమంచం తాతా మెదకే అన్నాడు. ఆయనకూ సున్నా. ఆ పక్కాయన మాత్రం నన్ను తేరిపార చూసి, "ఎప్పటిది చెప్పాలె సారూ?" అని ఎదురు ప్రశ్న వేశాడు. ఆయనకూ సున్నానే వేశాను. ఆ హాల్లో మతి సరిగ్గా ఉన్నవాడు ఒక్కడూ లేడని తేల్చి, కాగితాలు మేడం ముందు పెట్టాను.

"నువ్వు పుట్టింది ఏ జిల్లాల?" అని అడిగారు.

"మెదక్ మేడం."

"గిప్పుడు మీ ఊరు ఏ జిల్లా?"

"సిద్దిపేట."

"అయితె మీ ఊరు లేచి నడుసుకుంట వచ్చిందా?"

వార్డంతా నవ్వింది. సున్నాలు వచ్చిన తాతలు అందరికంటే గట్టిగా నవ్వారు. మేడం నవ్వలేదు. ఆ తర్వాత ఆమె అడిగే ప్రశ్నలు నేను కూడా నేర్చుకున్నాను. నీ చిన్న కోడలు తల్లిగారి ఊరేది? ఈయేడు మీ దిక్కు వానలెట్ల పడ్డయి? నిన్న నిన్ను చూడనీకి ఎవలొచ్చిన్రు? వీటికి తడబడితే అప్పుడు అనుమానపడాలి.

పక్షవాతం వచ్చినవాళ్లను మా దగ్గరికి నేరుగా తెచ్చేవాళ్లు తక్కువ. ముందు పసరు మందు, లేదంటే పావురం నెత్తురు పూసి మర్దన చేయించడం, అదంతా అయ్యాక దవాఖాన. మెదడులో అడ్డుపడ్డ నెత్తుటి గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది. అది మూతి వంకరపోయిన కొద్ది గంటల్లోనే ఇవ్వాలి, ఆలస్యంగా ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఎప్పుడు వచ్చిందని అడిగితే ఇంటివాళ్లు తిట్లకు భయపడి, "గిప్పుడే సారూ, గంట కూడ కాలే" అనేవాళ్లు. చూడబోతే ఒంటి మీద నెత్తురు ఎండి పొలుసులు లేస్తుండేది. నాకు తిక్క రేగి గొంతు పెంచేవాణ్ణి.

మేడం స్టూలు మీద కూర్చుని, తనకూ ఒకటి కావాలన్నట్టుగా, "పావురం యాడ దొరికింది తమ్మీ? ఈడ దొరుకుతలెవ్వంటున్నరు" అని అడిగేవారు.

"మా బామ్మర్ది తెచ్చిండమ్మా, పొద్దుగాల ఫస్టు బస్సుకు పోయి" అని వాడు సంబరంగా చెప్పేవాడు. ఫస్టు బస్సుకు పోయాడంటే జబ్బు తెల్లారకముందే వచ్చిందన్నమాట. ఇంజెక్షన్ కుదరదు. ఆమె వాణ్ణి ఏమీ అనేవారు కాదు, మమ్మల్నీ అననిచ్చేవారు కాదు. "ఇయ్యాల తిడితె రేపొచ్చేటోడు నెత్తురు కడిగి తీసుకొస్తడు. అప్పుడు దేన్ని చూసి లెక్కేస్తవ్?" అనేవారు.

ఆమె తన కోపాన్నంతా ఒకే ఒక్క విషయం కోసం దాచిపెట్టుకున్నారు. పక్షవాతం వస్తే చాలామందికి గుటక పోతుంది. నోట్లో పోసిన నీళ్లు కడుపులోకి పోకుండా ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. న్యుమోనియా వచ్చి, పక్షవాతం చంపని మనిషిని అది చంపుతుంది. అందుకే గొంతు మీద వేలు పెట్టి, ఒక్క చెంచా నీళ్లతో గుటక పరీక్ష చేసేదాకా నోట్లో చుక్క కూడా పోయకూడదు. కానీ మన దగ్గర మంచాన పడ్డ మనిషిని చూడటానికి వచ్చినవాళ్లు నోట్లో ఏదో ఒకటి పోయకుండా పోరు. ఫ్లాస్కులో చాయ్, సీసాలో బత్తాయి రసం, ఒక్కోసారి కల్లు. అది వాళ్ల ప్రేమ. వద్దంటే తలకాయ ఊపి, మేం వెనక్కి తిరగ్గానే పోసేవాళ్లు.

మేడం మంచం దగ్గరికి రాగానే వంగి రోగి నోరు వాసన చూసేవారు. "చాయ్. అల్లమేసిన చాయ్. ఎవలు పోసిన్రు?"

ఒకసారి ఒక రోగి చిన్నమ్మ దొరికిపోయింది. "నాలిక తడి చేసిన, గంతేనమ్మా. నోరెండుతుంటె సూసుకుంట ఎట్లుండాలె?"

"నాలిక కాడ ఆగదది. లోపటికి పోయి సంపుతది. మీరందరు కలిసి ప్రేమతోటి సంపుతున్రు ఈయనను!" అని అరిచి, ఆ ఫ్లాస్కు తీసుకుపోయి చాయంతా బేసిన్‌లో పారబోశారు. తర్వాత ఫ్లాస్కు శుభ్రంగా కడిగి, మూతపెట్టి, తిరిగి ఆవిడ చేతికే ఇచ్చారు. మేడంను చూస్తే నర్సులు భయపడటమే కాదు, చూడవచ్చిన చుట్టాలు కూడా కొంగులో సీసాలు దాచుకునేవాళ్లు.

ఇంత చెప్పింది ఒక పెద్దమ్మ సంగతి చెప్పడానికే.

వాళ్లది తొగుట దిక్కు, మల్లన్నసాగర్ నీళ్ల కింద పోయిన ఊళ్లలో ఒకటి. ఇప్పుడు ఊరు ఊరంతా సర్కారు కట్టిచ్చిన కాలనీలో ఉంటున్నారు. గోడకు గోడ. ఈ ఇంట్లో దగ్గితే ఆ ఇంట్లోవాళ్లు మంచినీళ్లు తెస్తారు, ఈ ఇంట్లో గొడవైతే పొద్దుగూకేలోగా కాలనీ చివరిదాకా పోతుంది. ఆమెకు ఇద్దరు కూతుళ్లు, ఒక కొడుకు. కూతుళ్లు కూడా ఆ కాలనీలోనే ఉంటారు. కొడుకు చాలా ఏళ్లు భీవండిలో మరమగ్గాల మీద పనిచేసి తిరిగొచ్చిన మనిషి, జుట్టు సగం నెరిసింది. తల్లి మంచం కిందే చాప వేసుకుని ఉండేవాడు. మేడం మామూలుగానే దుప్పటి తీసి చూశారు. గోళ్లు పొందికగా కత్తిరించి ఉన్నాయి.

"ఎవలు తీసిన్రు?"

"నేనేనమ్మా" అని సిగ్గుపడ్డాడు. మేడం తర్వాత అతనితో ఎప్పుడూ గొంతు పెంచలేదు.

పెద్దమ్మకు కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పోయింది. "ఆఁ", "ఊహుఁ" మాత్రం మిగిలాయి. గుటక లేదు. ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి పాలు, జావ పోశాం. ఆమె బాగున్న ఎడమచేత్తో దాన్ని పీకేసింది. మళ్లీ వేశాం, మళ్లీ పీకింది. చివరికి ఆ చేతికి మెత్తటి గుడ్డ చుట్టి మంచం పట్టీకి కట్టాం. వారాలు గడిచాయి. గుటక రాలేదు, ఇక రాదని స్కానింగులో మెదడు దెబ్బ చూసిన మాకందరికీ తెలుసు. నేను రోజూ పరీక్ష చేయడానికి పోతే ఆమె ముందు కట్టిన చెయ్యి చూసేది, తర్వాత నన్ను చూసేది. నాకు అక్కడ నిలబడబుద్ధి అయ్యేది కాదు.

ఒక ఉదయం మేడం స్టూలు లాక్కుని ఆ కట్టు విప్పారు. కొడుకును బయటికి పంపి, నన్ను పక్కన ఉంచుకున్నారు.

"పెద్దమ్మా, నేను పోలీసామెనా?"

"ఊహుఁ."

"డాక్టర్నా?"

"ఆఁ."

"ఇది మీ ఇల్లేనా?" ఊహుఁ. కొడుకు పేరు తప్పు చెప్పి అడిగారు. ఊహుఁ. సరిగ్గా చెప్పి అడిగారు. ఆఁ. ఆమె మతిలో ఉండే చెబుతోందని తేలింది.

"గొట్టం ఉంచాల్నా?"

"ఊహుఁ."

"తీస్తె కడుపు నిండదు. నోట్లె పెడితె అడ్డం పడ్తది. జరమొస్తది. పానం పోతది. ఎరికేనా?"

"ఆఁ."

"ఎరికుండి గూడ తీయాల్నా?"

పెద్దమ్మ ఈసారి "ఆఁ" అనలేదు. విప్పిన చేత్తో మేడం మణికట్టు పట్టుకుని గొట్టం దిక్కు లాగింది. మర్నాడు అవే ప్రశ్నలు నాతో అడిగించారు, తిరగేసి, మరగేసి. ఆ తర్వాత ఇంకోరోజు తనే మళ్లీ అడిగారు. జవాబు మారలేదు.

నేను ఊరుకోలేకపోయాను. "చుక్క పోయొద్దని లోకాన్నంత తిట్టేది మీరే కద మేడం?"

"ఔ. బాగయ్యేటోళ్లకు వద్దన్న. ఈమె బాగుకాదు. ఈమె నోటికి రుచి వద్దని నేనెన్నడన్నన?"

తర్వాత నన్ను వెంట తీసుకుని, కొడుకును మెట్ల దగ్గరికి పిలిచి, తల్లి ఏం చెప్పిందో చెప్పారు. అతను గోడకు ఆనుకుని ఏడ్చాడు. మగవాళ్లు అట్లా ఏడవడం నేను చావుల దగ్గర కూడా తక్కువ చూశాను.

"అవ్వ కండ్లల్లకు సూస్తలేనమ్మా నేను. తీయుమనే ఉన్నది నాకు. కాని నేను తీయుమన్ననని తెలిస్తె కాలనీల తలెత్తుకోనియ్యరు. తిండి బందువెట్టి తల్లిని సంపిండంటరు. అక్కలు మా ఇంట్ల ముద్ద ముట్టరు. రేపు నేను సస్తే పాడె మొయ్యనీకి సుత ఎవ్వడు రాడు."

మేడం గొంతు తగ్గించి, "తీయాలని నీకున్నది. మీ అవ్వకున్నది. నాకు చెప్పినవ్, సాలు. ఇంకెవ్వలకు చెప్పకు" అన్నారు.

గొట్టం తీశాక ఏం తింటావని అడిగారు. బువ్వ? ఊహుఁ. పాలు? ఊహుఁ. మక్క గటక? వార్డు వినేంత గట్టిగా "ఆఁ" అంది పెద్దమ్మ. కొడుకు టిఫిన్ డబ్బాలో మొక్కజొన్న రవ్వ ఉడికించిన గటక, పెరుగు తెచ్చాడు. మేడం ఆమెను నిటారుగా కూర్చోబెట్టి, గదవ కిందికి వంచి, బాగున్న పక్క నోట్లో చెంచా కొసన కొంచెం పెట్టారు. గొంతు మీద వేలు ఉంచారు. ఆమె నమిలింది, దగ్గింది, మళ్లీ నోరు తెరిచింది. కాసేపటికి మేడం చేతిలో చెంచా లాక్కుని తనే తినబోయింది. సగం గదవ మీద కారింది. ఆమె మొహంలో అంత ఇష్టం నేను ఆ వార్డులో ఎవరి మొహంలోనూ చూడలేదు. నాకు సంతోషం వేసింది, వెంటనే భయమూ వేసింది.

కొన్ని రోజులు అట్లా తిన్నది. ఆ రోజుల్లో అక్కలకు దవాఖానకు రావడం పడలేదు. తర్వాత అనుకున్నట్టే జ్వరం వచ్చింది. ఆయాసం తగ్గడానికి మందులిచ్చాం. ఒక మధ్యాహ్నం కొడుకు చెయ్యి పట్టుకుని ఉండగా పోయింది.

చావు కబురందుకుని కాలనీ నుంచి అక్కలు, చుట్టాలు వచ్చారు. ఏడుపుల మధ్యలో పెద్దక్క తల్లి మొహం మీది గుడ్డ తీసి చూసి, "ముక్కుకు గొట్టమేది?" అంది. ఏడుపులు ఆగిపోయాయి. అందరూ కొడుకు వైపు తిరిగారు. "నువ్వు తీయుమన్నవా?" అని ఎవరో మగమనిషి అడిగాడు. అతను నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు.

మేడం ఓపీ నుంచి గబగబా వచ్చారు. "నేనే తీసేసిన" అన్నారు, తెర అవతలికి కూడా వినపడేట్టు. "ఈయన వద్దన్నడు. నా కాళ్లు మొక్కిండు. అయినా తీసేసిన. డాక్టర్ను నేను, నా ఇష్టం."

రోగుల ముందు ఆమె అబద్ధం ఆడగా నేను విన్నది అదొక్కటే. ఆడవాళ్లు దుమ్మెత్తి పోశారు. "నీ చేతులు పడిపోను! నీ తల్లికైతె గిట్లనే చేస్తవానె?" అని పెద్దక్క మీది మీదికి వచ్చింది. కాపలా మనిషి పరుగెత్తుకొస్తే మేడం చేత్తోనే పొమ్మన్నారు. వాళ్లు అలిసిపోయి ఆగేదాకా అక్కడే నిలబడి అన్నీ విన్నారు.

తర్వాత మెట్ల మీద నేను అడిగాను. "ఎందుకు మేడం? ఉన్నదున్నట్టు చెప్తే అయిపోయేది కద?"

"ఆయన ఆ గోడల నడుమ బతకాలె. నేను సాయంత్రం కారెక్కి ఇంటికి పోత" అన్నారు. అంతే, ఓపీలో ఎవరో ఎదురుచూస్తున్నారని దిగిపోయారు.

దినాలు అయ్యాక కాలనీ పెద్దమనిషి, అక్కలు, కొడుకు ట్రస్టు ఆఫీసుకు వచ్చారు. మేడం మీద ఫిర్యాదు రాసుకొచ్చారు. ట్రస్టువాళ్లు మేడంను, నన్ను కూడా పిలిపించారు. ఆ కాగితంతో ఆమెకు వార్డు పోతుందని ఆ గదిలో ఉన్న మాకందరికీ తెలుసు, నిజంగానే పోయింది. ఉద్యోగం మానేసేదాకా ఓపీలోనే కూర్చోబెట్టారు. గ్రూపులో నివాళులు రాసినవాళ్లలో చాలామంది ఆమె మొండితనం వల్లే అట్లా అయిందని ఇప్పటికీ నమ్ముతారు. మెట్ల దగ్గర మాట విన్నది నేనొక్కణ్ణే. ఆమె బతికి ఉండగా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడైనా ఆ కాలనీ పేరు, ఆ మనిషి పేరు చెప్పను.

చనిపోయినామె కొడుకు సంతకం లేకపోతే ఫిర్యాదు చెల్లదన్నారు. పెద్దమనిషి కాగితం అతని ముందుకు జరిపి పెన్ను ఇచ్చాడు. అతను పెన్ను పట్టుకుని కాగితం వైపు చూస్తూ ఉండిపోయాడు.

"పెట్టవేందిరా? ఏం ఆలోచిస్తున్నవ్?" అన్నాడు పెద్దమనిషి. పెద్దక్క కళ్లు చిట్లించి తమ్ముణ్ణి చూసింది. ఒక్క క్షణం ఇంకా ఆగితే ఆమెకు అర్థమైపోతుందని నాకు అనిపించింది. అతను తల ఎత్తాడు. పెదవి కదిలింది. చెప్పేస్తాడనుకున్నాను.

"పెట్టు" అన్నారు మేడం, బల్ల అవతల నుంచి, పరాయి మనిషితో మాట్లాడినట్టు. "మీ అవ్వకు నువ్వు కాకుంటె ఎవలు పెడ్తరు?"

అతను సంతకం పెట్టాడు. పెన్ను వదిలేసి రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. తల్లి కోసమనే అనుకున్నారందరూ. పెద్దక్క దగ్గరికి వచ్చి, కొంగుతో తమ్ముడి మొహం తుడిచి, భుజం పట్టుకుని లేపింది.

"పా తమ్మీ, మా ఇంటికి పోదం. పొద్దటిసంది ఏం తినకపోతివి."